ఎనిమిది గంటల రక్తం

స్టూలు మళ్లీ గోడకెక్కింది. చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో అదో ఆనవాయితీ. వరసలో ఎవరి పని వెనకబడితే వాళ్ల స్టూలు మేస్త్రి లాక్కెళ్లి మేకుకు తగిలిస్తాడు. మిగతావాళ్లను అందుకునేదాకా నిలబడే కుట్టాలి. ఈ మధ్య ఆ మేకుకు వేలాడేదల్లా కాలర్లు కుట్టే అమ్మాయి స్టూలే. షెడ్డంతా ఆమెను నిద్రమొహం అంటుంది. మొదట్లో ఆమె కూడా నవ్వేది.

పుట్టుకతోనే ఆమెకు రక్తం జబ్బు. చిన్నప్పటి నుంచీ నెలనెలా రక్తం ఎక్కించుకుంటూనే ఉంది. దానికి ఏనాడో అలవాటు పడింది. ఈ ఏడాది మాత్రం ఎంత ఎక్కించినా సత్తువ రావడం లేదు. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. "నీకు బద్ధకం ముదిరిందే" అని కన్నతల్లే ఒకరోజు అనేసింది. మేస్త్రి తిట్ల కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

నిన్న డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది.

"ఎక్కించిన రక్తంలోని ఇనుము ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుందమ్మా. కష్టమొస్తే ఒంటిని నిలబెట్టే హార్మోను ఒకటుంది. అది తయారయ్యే గ్రంథుల్ని కూడా ఆ ఇనుము పాడుచేస్తుంది. నీకా హార్మోను తగ్గిందని నా అనుమానం. పొద్దున ఎనిమిదింటికి రక్తమిస్తేనే తేలుతుంది. నువ్వేమో ఎప్పుడూ పని దిగాక సాయంత్రం వచ్చి ఇస్తున్నావు. సాయంత్రమైతే అది ఎవరికైనా తక్కువే. ఈలోగా గట్టి జ్వరమొచ్చిందంటే ప్రాణం మీదికొస్తుంది."

షెడ్డు గేటు మూసేదీ ఎనిమిదింటికే.

"రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్లాలండి. రక్తమిచ్చి గంట ఆలస్యంగా వస్తాను" అంది అమ్మాయి, మిషను ఆపి.

మేస్త్రి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అందిట వెనకటికెవత్తో. సోమరితనానికి కూడా రక్తపరీక్షా? రేపు టైముకు లోపల లేకపోతే ఇంక రానే అక్కర్లేదు."

వరసలో కొందరు నవ్వారు. బొత్తాలు కుట్టే పిన్ని నవ్వలేదు. "అడిగింది గంటే కదయ్యా" అంది.

"నీ బొత్తాలు నువ్వు చూసుకో."

అమ్మాయికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ వీళ్లతో కలిసి తనను తనే తిట్టుకున్నందుకు ఇంకా మండింది. గోడ దాకా వెళ్లి స్టూలు దించుకుంది. తెచ్చి మిషను ముందు వేసుకుని కూర్చుంది.

"రేపు ఎనిమిదింటికి నేను ఆసుపత్రిలో ఉంటానండి. గేటు మూసేస్తే, తీసేదాకా బయటే కూర్చుంటాను. నాది సోమరితనం కాదు. ఇక నిలబడి కుట్టను."

మేస్త్రి స్టూలు లాగడానికి వంగాడు. అప్పటికే పిన్ని లేచింది. తన స్టూలు తీసుకెళ్లి ఆ ఖాళీ మేకుకు తనే తగిలించింది.

"మేకు బోసిగా ఉందనేగా నీ బాధ. ఇదిగో. నేను నిలబడతాలే" అని చేతులు కట్టుకుంది. "కుట్టను మాత్రం."

వరస ఆగలేదు. బొత్తాలు లేని చొక్కాలు ఒకదాని మీదొకటి వచ్చి పిన్ని ముందు పడుతున్నాయి.