చప్పుడు చేయని లాచ్

మామయ్యకి చూపు తగ్గుతోందన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టింది నేను డిజైన్ చేసిన వాక్యూమ్ క్లీనర్. నాకు ఆ తర్వాతే తెలిసింది. సొంత కొడుకైన మా ఆయనకి అసలు అనుమానమే రాలేదు.

మా కంపెనీ చేసేవి నిలువుగా నిలబడే రకం. కింద బ్రష్షు, పైన పొడుగాటి పిడి, మధ్యలో మోటారూ దుమ్ము డబ్బా కలిసి ఉన్న ఒక చిన్న యూనిట్. గదులు ఊడ్చేటప్పుడు మొత్తం ఒకటిగా నడుస్తుంది. మెట్లో, సోఫానో, కర్టెన్లో శుభ్రం చేయాలంటే మీట నొక్కి ఆ చిన్న యూనిట్‌ని ఊడదీసి చేత్తో పట్టుకుపోవచ్చు. పనయ్యాక మళ్ళీ దాని గూట్లో పెట్టేయాలి. గూట్లో దాన్ని కదలకుండా పట్టుకునే లాచ్ నాది. వేలెడంత లేని ఆ ముక్క కోసం నేను పడ్డ పాట్లు చెబితే మీరు నవ్విపోతారు.

అందులో నాకు గర్వకారణం ఏమిటంటే, అది చప్పుడు చేయదు. మా టీమ్ లీడర్‌ని మేం చాటుగా మెత్తనయ్య అంటాం, ఆయనకి ప్రతిదీ మెత్తగా ఉండాలి కాబట్టి. ఖరీదైన వస్తువు నోరు చేసుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. అందుకని యూనిట్ సరిగ్గా కూర్చుంటే పిడి కింద చిన్న కిటికీలో ఆకుపచ్చ రంగు కనబడుతుంది, కూర్చోకపోతే ఎరుపు. అంతకుమించి ఏ హడావిడీ ఉండదు. మీటింగులో ఆయన నన్ను మెచ్చుకున్న రోజున నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అమ్మకానికి వెళ్ళే ముందు శాంపిల్స్‌ని ఎవరింటికి వాళ్ళం పట్టుకెళ్ళి కొన్నాళ్ళు వాడించడం మా ఆఫీసు పద్ధతి. మా ఇంట్లో వాడేది మామయ్య. అత్తయ్య పోయినప్పటి నుంచీ ఇల్లు ఊడ్చే పనిని ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముఖ్యంగా పై అంతస్తుకి వెళ్ళే మెట్లు. కార్పెట్ పరిచిన మెట్లు అవి, ప్రతి మూలలోనూ దుమ్ము కాపురం పెడుతుంది.

ఆయన బతుకంతా బస్సు నడిపారు. నా యంత్రాన్నీ బస్సులాగే చూసేవారు. "రైట్ రైట్" అనుకుంటూ హాలంతా తిప్పి, మెట్ల ముందు ఆపి, "దిగు తల్లీ, స్టేజీ వచ్చింది" అని యూనిట్‌ని బయటికి తీసేవారు. వంటింట్లోంచి అది వింటూ నవ్వుకోవడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు ఆ యూనిట్ ఊడి కింద పడింది. రెండోసారి ఏకంగా ఆయన కాలి మీద పడింది. బొటనవేలు కమిలిపోయింది. "ఏం కాలేదమ్మాయ్, దానికే నొప్పి పుట్టుంటుంది" అన్నారు గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, నా లాచ్ మీద. ఆఫీసుకి పట్టుకెళ్తే మావాళ్ళు దాన్ని ఊపారు, వంచారు, తలకిందులు చేశారు. అక్కడ అది బుద్ధిమంతురాలిలా కూర్చుంది, ఊడనే ఊడలేదు. స్ప్రింగు గట్టిది వేసి తెచ్చాను. మూడు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఊడిపడింది.

అప్పుడు కూర్చుని ఆయన్నే గమనించడం మొదలుపెట్టాను. యూనిట్‌ని గూట్లో పెట్టాక ఆయన కిటికీ వంక చూడటం లేదు. వేళ్ళతో చుట్టూ తడుముతున్నారు. టీ పోసుకునేటప్పుడు చూపుడువేలు కప్పు అంచు మీద ఉంచుతున్నారు. పొద్దున్నే పేపరు కోసం గుమ్మంలో కాపలా కాసే మనిషి, "ఏముంటుందిలే అందులో, రోజూ అవే గోలలు" అని మా పాప చేత హెడ్డింగులు చదివించుకుంటున్నారు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరుగుతున్నాయి. నేను రోజంతా వేలెడంత ముక్కని భూతద్దం పెట్టి చూసే మనిషిని. ఇంట్లో మనిషిని చూడలేదు.

ఒక ఆదివారం కావాలనే యూనిట్‌ని సగం పెట్టి వదిలేశాను. కిటికీలో ఎరుపు నిప్పులా కనబడుతోంది. "సరిగ్గా పడిందా మామయ్యా?" అని అడిగాను.

ఆయన వంగి చూశారు. "ఆ, పచ్చగా ఉందిగా" అన్నారు.

నేను చేసింది దొంగ పని అనిపించి సిగ్గేసింది. యూనిట్‌ని లోపలికి నొక్కేశాను.

మా ఆయనతో చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెప్పలేకపోయాను. ఎందుకంటే మామయ్యకి ఒక అన్నగారుండేవారు. ఆయనకి చూపు పోయాక పిల్లలు కిటికీ పక్కన మంచి కుర్చీ వేసి కూర్చోబెట్టారట. నీళ్ళు చేతికి, అన్నం చేతికి. "ప్రేమగానే కూర్చోబెట్టారమ్మాయ్, వాళ్ళని తప్పు పట్టలేం. కానీ మా అన్నయ్య కాళ్ళకేం రోగం? ఆ కుర్చీలోంచి ఆయన మళ్ళీ లేవలేదు" అని ఒకసారి నాతో అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు ఇంకా నాకు గుర్తుంది. చూపు పోతుందన్న బెంగ కంటే ఆ కుర్చీ అంటేనే ఆయనకి ఎక్కువ భయం. అందుకే దాస్తున్నారు. దాచినన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు, వెళ్ళకపోతే ఉన్న చూపూ దక్కదు. నేను బయటపెడితే ఆయన్ని నేనే ఆ కుర్చీలోకి తోసినట్టు. నాకు దిక్కు తోచలేదు.

ఆ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టాను. మా ఆయన డ్యూటీకి, పాప బడికి, మామయ్య నడకకి వెళ్ళారు. నేను చున్నీతో కళ్ళకి గట్టిగా గంతలు కట్టుకుని, నా యంత్రాన్ని తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఊడదీయడం బాగానే ఉంది. తిరిగి పెట్టేటప్పుడు తెలిసింది నా ఘనకార్యం. పెట్టాను, పడిందనుకున్నాను, ఎత్తాను, ఊడింది. మళ్ళీ పెట్టాను. పడిందా? ఏమో. ఎంత తడిమినా నున్నగా ఒకేలా తగులుతోంది. ఆ నునుపు కోసమే నెలల తరబడి తపస్సు చేశాను. కోపం పట్టలేక దాన్ని కసితీరా తిట్టాను.

"ఏంటమ్మాయ్, దాగుడుమూతలా?"

ఆయన ఎప్పుడొచ్చారో తెలియదు. గంతలు విప్పబోయాను. ఎందుకో ఆగిపోయి, "ఇది పడిందో లేదో తెలియట్లేదు మామయ్యా" అన్నాను.

ఆయన వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నారు. మోకాళ్ళు కటుక్కుమన్నాయి.

"అది విప్పకు. అలాగే ఉండు, నాకు చెప్పడం తేలికవుతుంది" అన్నారు. "ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడి కంటికి మధ్యలో కొంచెం మసగ్గా కనబడుతుంది, చుట్టూ పొగ. నీకు తెలిసిపోయిందని నాకు ఆదివారమే అర్థమైంది. నువ్వు అలా గొంతు తగ్గించి ఎప్పుడూ అడగవు."

నా గంతలు తడిసిపోయాయి. ఆయనకి కనబడలేదు, నాకూ కనబడలేదు. అదే మంచిదైంది.

"నీ బండి మరీ మర్యాదస్తురాలమ్మాయ్. నోరే విప్పదు. బస్సు తలుపు పడిందో లేదో డ్రైవరుకి చెవి చెప్పాలి. వెనక్కి తిరిగి చూస్తూ కూర్చుంటే రోడ్డెవరు చూస్తారు?" అని, నా చెయ్యి తీసుకుని గూటి అంచు మీద పెట్టారు. "ఇదిగో, ఇక్కడ వేలికి ఏదైనా తగిలేలా పెట్టకూడదూ? పడకపోతే పొడుచుకురావాలి, పడితే లోపలికి పోవాలి."

"పెడతాను."

"డాక్టరు దగ్గరికీ వస్తాను. అబ్బాయికి నేనే చెబుతాను." నా చెయ్యి ఇంకా వదల్లేదు. "నన్ను మూల కూర్చోబెట్టరుగా?"

"నేనుండగా ఎవరూ కూర్చోబెట్టరు మామయ్యా" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

పోయిన చూపు రాదనీ, చుక్కల మందు వదలకుండా వేసుకుంటే ఉన్నది నిలబడుతుందనీ చెప్పారు డాక్టరు. మా ఆయన ఆ రోజంతా నాన్న పక్కనుంచి కదలలేదు. ఆఫీసులో నేను లాచ్‌కి చప్పుడు పెట్టాలన్నాను. మెత్తనయ్య ముఖం చిట్లించారు. నేను వాదించలేదు. చున్నీ తీసి ఆయన కళ్ళకి కట్టి, "ఇప్పుడు చెప్పండి సార్, పడిందా?" అన్నాను. ఆయన పెట్టిన యూనిట్ ఊడి ఆయన ఒళ్ళోనే పడింది. టీమంతా నవ్వు ఆపుకోలేక చచ్చారు. పాపం, ఆయనా నవ్వేసి సరే అన్నారు. కొత్త లాచ్ టక్కుమని పడుతుంది. పడకపోతే అంచున బొటనవేలి గోరంత మిట్ట బయటికి పొడుచుకొచ్చి వేలికి తగులుతుంది.

ఆ శాంపిల్ ఇంటికి తెచ్చిన రోజు మామయ్య మొహం చూడాలి. కొత్త బస్సు తాళాలు చేతికిచ్చినట్టు సంబరపడిపోయారు. హాలు తిప్పారు, మెట్ల ముందు యూనిట్ ఊడదీశారు, పెట్టారు, టక్. ఊడదీశారు, పెట్టారు, టక్. "ఇప్పుడు నోరొచ్చింది దీనికి" అంటూ యూనిట్ పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. నేను కింద నిలబడి చూస్తున్నాను. నాలుగు మెట్లెక్కాక ఆయన పాదం గాల్లో వెతికింది. అంచు కోసం, ఒక్క క్షణం. పరుగున వెళ్ళి ఆయన చేతిలోంచి యూనిట్ లాగేసుకున్నాను.

"మీరు కూర్చోండి మామయ్యా, నేను చేస్తాను."

ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి, హాల్లో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఏం చేయాలో తెలియని చేతులు అవి.

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. నా చేతిలో యూనిట్, దాన్ని అందుకోవడానికి కింద గూటి అంచున నేను పెట్టిన ఆ మిట్ట. ఎవరి కోసం పెట్టానో ఆ మనిషిని నేనే, నా నోటితోనే, ప్రేమగానే కూర్చోబెట్టాను. ఆ మాట మా ఆయన అంటాడేమోనని, పాప అంటుందేమోనని వేయి కళ్ళతో కాపలా కాశాను. నన్ను నేను కాచుకోలేదు.

దిగి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. "తప్పయింది మామయ్యా. లేవండి."

"పర్లేదులే అమ్మాయ్. నువ్వు భయపడ్డావ్."

"భయపడ్డాను. ఇంకా భయంగానే ఉంది. అయినా లేవండి."

యూనిట్‌ని ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కాసేపు అలాగే పట్టుకుని, తర్వాత లేచారు. నేను వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఆయన పాదం వెతికిన ప్రతిసారీ నా ప్రాణం పైకి లేచి మళ్ళీ కూర్చుంది. ఒక్కో మెట్టూ తడుముకుంటూ, ఒక్కో మూలా తుడుచుకుంటూ పైదాకా వెళ్ళి, కిందికి దిగి, మోటారు ఆపారు. ఆయనకి చెమట పట్టేసింది.

"ఎలా ఉంది?" అన్నారు.

అద్దంలా ఉందని చెప్పాలనుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగుంది. మూడో మెట్టు మీద, గోడ వైపు మూలలో కొంచెం దుమ్ము మిగిలింది మామయ్యా."

ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"మరి చెప్పవేం!" అని విసుక్కుంటూ, మళ్ళీ మెట్లెక్కారు.