దేవమ్మ చెల్కలో తోడేలు

తెల్లారగానే దేవమ్మ మేకల దొడ్డి ఊడ్చి, పెంటికలు గంపకెత్తి, జొన్న గటక వండేది. చాలా రోజులు పొయ్యి వెలిగించే పని ఉండేది కాదు. దేవమ్మకు కోపం వస్తే దగ్గరున్న నీళ్లు కాగేవి, ఇనుము వేడెక్కేది. పక్కింటి నర్సింహమ్మ పప్పుకుండ తెచ్చి ఆమె పక్కన దించేది.

"నిన్న సంగయ్య మళ్ల చెట్టు కింద పండి నిద్రపోయిండట గదా వదినా. మేకలు కొమురయ్య చేన్ల పడ్డయట."

ఆ మాట చాలు. పప్పు ఉడికేదాకా కూర్చుని, కుండ ఎత్తుకుని పోయేది. కట్టెలు దొరకని కరువు కాలంలో వాడకట్టు మొత్తానికి అదొక ఆసరా.

ఆమె మొగుడు సంగయ్యకు మాత్రం కోపమే రాదు. ఎవరేమన్నా "సరే తియ్యి" అని నవ్వేవాడు. తిట్టినవాళ్లతోనే కల్లు తాగేవాడు.

కొండాపూర్ అవతల, గుట్ట కింద వాళ్లకు కొంచెం మెట్ట చెల్క ఉంది, పది పన్నెండు మేకలున్నాయి. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. గోడలకు, రోడ్లకు రాయి ఆ గుట్ట నుంచే పోయేది. మందు పెట్టి పేలుస్తుంటే పొదలు పోయాయి, కుందేళ్లు పోయాయి. తోడేళ్లు మిగిలాయి. వాటికి తినడానికి మేకలు మిగిలాయి.

మొదట ఒక మేకపిల్ల పోయింది. తర్వాత ఈనడానికి వచ్చిన పెద్ద మేక. తోడేలు దాని గొంతు కొరికి, గోడ దాటించి ఈడ్చుకుపోయి, చేనుగట్టు మీద సగం తిని వదిలేసింది. కడుపులోని పిల్ల మట్టిలో పడి ఉంది. దేవమ్మ దాన్ని చీరకొంగులో చుట్టి తెచ్చి పాతిపెట్టింది. ఆ రోజు తొట్టిలో నీళ్లు పొగలు కక్కితే మేకలు దగ్గరికి రాలేదు.

"దాన్ని సంపాలె," అంది మొగుడితో. "ఎట్లన్న సంపు. దాని పీనుగ నా కండ్లతోని సూడాలె."

"సరే తియ్యి," అన్నాడు సంగయ్య.

చంపే దారి చూపింది నరసరాజు. భీమవరం నుంచి వచ్చి పెద్ద ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేస్తున్నాడు. వీళ్ల చెల్క పక్కనే భూమి కొని కోళ్ల షెడ్డు వేశాడు. మంచివాడనే పేరుంది. ఎవరికి జ్వరమొచ్చినా తన స్కూటరు మీద సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. సంగయ్యకు ప్లాంటులో వాచ్‌మన్ పని ఇప్పిస్తానని మాటిచ్చాడు. లారీ స్ప్రింగు పట్టీలతో ఆయన చేయించిన ఉచ్చుకు రెండు ఇనుప దవడలు, వాటికి పళ్లు. కాలు పడితే టక్కున మూసుకుంటాయి.

మొదట అందులో పడింది తోడేలు కాదు. కొమురయ్య గొర్రెల కుక్క. ముందుకాలి ఎముక రెండు ముక్కలైంది. కొమురయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, తర్వాత రాయి తీసుకున్నాడు. దేవమ్మ అది చూసింది. చూసి ఇంట్లోకి పోయింది. తన కుక్క కాదు, తన మేకలు మిగలాలి. అలాగే అనుకుంది.

వారం తిరక్కముందే తోడేలు పడింది.

ఆడది. పొద్దున్నే సంగయ్య కేకేస్తే దేవమ్మ గొడ్డలి పట్టుకుని ఉరికింది. వెనక కాలు పళ్ల మధ్య నలిగిపోయి ఉంది. అది మూలగడం లేదు, పళ్లు చూపడం లేదు. పొట్ట కింద పొదుగులు పాలతో ఉబ్బి వేలాడుతున్నాయి. దేవమ్మ గొడ్డలి ఎత్తింది.

"ఆగమ్మా, చంపకు," అన్నాడు నరసరాజు, షెడ్డు నుంచి పరుగున వచ్చి. "దీన్ని చంపితే ఒకటే పోతుంది. ఇలాగే ఉంచితే అరుస్తుంది, మగది వస్తుంది. పాలున్నాయి చూడు, పిల్లలు కూడా వెతుక్కుంటూ వస్తాయి. చుట్టూ ఇంకో మూడు ఉచ్చులు పెడదాం. పీడ మొత్తం వదిలిపోద్ది."

"ఎన్నొద్దులు ఉంచుతవ్ సార్?"

"అవి వచ్చేదాకా."

దేవమ్మ మొగుడి వైపు చూసింది. సంగయ్య నేల చూశాడు. "సార్ చెప్తుండు గదా. సరే తియ్యి," అన్నాడు.

అది అరవలేదు. అరవకపోతే మగది రాదని నరసరాజు పనివాడు లింగంతో రాళ్లు వేయించాడు. చూడ్డానికి జనం వచ్చారు. ప్లాంటు క్వార్టర్ల నుంచి ఒక కుటుంబం టిఫిన్ డబ్బాలతో వచ్చి, గట్టు మీద గుడ్డ పరుచుకుని పులిహోర తింది. ఎవరో కర్రతో దాని పొదుగును పొడిచారు. పాలు చిమ్మితే నవ్వారు. ఎండకు దాని నాలుక వేలాడింది. దేవమ్మ చట్టిలో నీళ్లు పట్టుకుని బయల్దేరింది. దాని దగ్గరికి చేరేసరికి నీళ్లు సలసల కాగుతున్నాయి. పారబోసి, మళ్లీ బావికి పోయి తెచ్చింది. అవీ కాగాయి. నీళ్లు పెట్టడానికి కూడా పనికిరాని తన కోపం మీద తనకే కోపం వచ్చింది.

మూడోనాడు పొద్దున కూడా అది బతికే ఉంది. తన కాలు తనే కొరుక్కుంటోంది.

దేవమ్మ నడిచిన దారిలో మంచు ఆవిరవుతుంటే జనం పక్కకు జరిగారు. నరసరాజు అడ్డం వచ్చాడు.

"ఇంకొక్కరోజు ఓపిక పట్టమ్మా. చంపమన్నది నువ్వే కదా?"

"సంపుమన్న. ఏడిపియ్యుమన్ననా?"

"అది నీ చూలు మేకను చీల్చింది. దాని మీద జాలేంటి?"

"జాలి లేదు సార్. అది ఆకలైతే తిన్నది. మీరు పులిహోర తినుకుంట సూస్తున్నరు. మీ ఆకలేంది?" ఆమె సంగయ్య వైపు తిరిగింది. "నీదేంది? వాచ్‌మన్ పనా?"

సంగయ్య మళ్లీ నేల చూశాడు.

ఒక్క దెబ్బతో చంపేద్దామనే దేవమ్మ వెళ్లింది. తోడేలు కదలకుండా ఉచ్చు పట్టీ మీద కాలుపెట్టి గొడ్డలి ఎత్తింది. ఆమె పాదం కింద ఇనుము ఎర్రబడి, సాగి, చప్పుడు లేకుండా వంగిపోయింది. దవడలు రెండూ వడలిన ఆకుల్లా విచ్చుకున్నాయి. తోడేలు కాలు లాక్కుంది. ఒక్క క్షణం ఆమెనే చూసింది. గొడ్డలి ఇంకా ఎత్తే ఉంది. అది మూడు కాళ్ల మీద గట్టు దాటి గుట్టవైపు పోయింది.

ఎందుకు కొట్టలేదని తర్వాత అందరూ అడిగారు. "నా కోపం దాని మీద లేకుండె," అంది.

కొమురయ్య ఊరుకోలేదు. "నా కుక్క సచ్చినప్పుడు నీ కోపం ఏడవోయింది దేవమ్మా?" అని వాకిట్లో నిలబడి అడిగాడు. పది రోజులకు తోడేలు అతని మందలోనే గొర్రెపిల్లను ఎత్తుకుపోతే, దేవమ్మ తన దొడ్డిలోంచి మంచి మేకపిల్లను తోలుకెళ్లి అతని గుంజకు కట్టేసింది.

సంగయ్య మాత్రం నరసరాజు దగ్గరికి పోతూనే ఉన్నాడు. వాచ్‌మన్ పని ఇంకా చెయ్యిదాటిపోలేదు. కొత్త ఉచ్చులు వచ్చాయి, వాటిని గుట్ట మీద పెట్టి రావాలి. "మీ ఆవిడకు చెప్పకు," అన్నాడు నరసరాజు. సంగయ్య సరే తియ్యి అని గోనెసంచి భుజానికెత్తుకున్నాడు.

మధ్యాహ్నం గుట్టెక్కాడు. రాళ్లు పేల్చినచోట ఒక గుంటలో వాననీళ్లు నిలిచి ఉంటే సంచి దించి, చెంబు ముంచుకున్నాడు. గుంట అవతల తోడేలు కనిపించింది. నీళ్లు తాగుతోంది. వెనక కాలు ఎండిన పుల్లలా గాల్లో ఉంది. పొదుగులు ఎండి, తోలు మడతలై పొట్టకు అతుక్కుపోయాయి. దాని వెనక పిల్లలు లేవు. కాస్త దూరంలో, రాళ్ల మధ్య సగం కూలిన బొరియ ఒకటి. సంగయ్య వెళ్లి వంగి చూశాడు. మూడు చిన్న తోళ్లు, చీమలు.

రెండు రోజులు తల్లి ఉచ్చులో ఉంది. ఆ రెండు రోజులూ తను నేల చూస్తూ నిలబడ్డాడు.

తిరిగొచ్చి చెంబు ఎత్తి నోట్లో పోసుకోబోతే పెదవి కాలింది. చెంబులోకి చూశాడు. నీళ్లు అడుగునుంచి బుడగలు బుడగలుగా లేస్తున్నాయి.

పొద్దు వాలకముందే కోళ్ల షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాడు. నరసరాజు గుడ్లు ఏరుతూ తలెత్తాడు.

"పెట్టేశావా?"

"లేదు సార్. పిల్లలు రానే వస్తయన్నరు గదా. రాలే. ఆడనే సచ్చినయి."

"మంచిదే కదయ్యా. మరి ఉచ్చులు తిరిగి తెచ్చావేం? వాచ్‌మన్ పనికి రేపు నీ పేరు చెబుదామనుకుంటున్నా."

"చెప్పకుండ్రి," అన్నాడు సంగయ్య. అతని గొంతు అలా ఉంటుందని నరసరాజుకు తెలియదు.

సంచి అందించి వెనక్కి తిరిగాడు. అందుకున్న నరసరాజు చెయ్యి చురుక్కుమని సంచి జారిపోయింది. గోనెకు అంటుకున్న నిప్పు ఆర్పి చూసేసరికి లోపల పట్టీలన్నీ మెత్తబడి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సంగయ్య అప్పటికే చెల్క గట్టు దాటి మేకల వైపు నడుస్తున్నాడు.