చెర్రీలు మాగబెట్టిన బాబాయి

అమెరికాలోని యాకిమా లోయలో మేం లీజుకు తీసుకున్న చెర్రీ తోటకి అది మొదటి కాపు. షెలాన్ రకం, అందరికీ తెలిసిన బింగ్ చెర్రీ కంటే పది రోజుల ముందే పండుతుంది. ఆ పది రోజులే దాని బతుకు. బింగ్ మార్కెట్‌కి వచ్చాక దీని మొహం ఎవరూ చూడరు.

రెడ్‌మండ్‌లో పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినదాన్ని, ఎవరేం చెప్పినా చప్పున నమ్మను. వీరభద్రరావు బాబాయి దగ్గర మాత్రం నా నోరు లేవదు. నూజివీడులో నలభై ఏళ్ళు మామిడి తోటలు చేసిన మనిషి, మమ్మల్ని చూడ్డానికి వచ్చి నెలైంది.

బుధవారం సాయంత్రం వాన పడుతుందని సోమవారమే ఫోన్‌లో చూశాను. పండే వేళ వాన పడితే చెర్రీ నీళ్ళు తాగి పగిలిపోతుంది. తీపి కొలిచే మీటర్ మీద రసం చుక్క వేస్తే పద్నాలుగు చూపించింది. పదహారు లేనిదే ప్యాకింగ్ షెడ్ వాళ్ళు తీసుకోరు. తొలి లోడే తిప్పి పంపితే వచ్చే ఏడు మమ్మల్ని పిలవరు.

"ఇంత ఆలోచనేంటమ్మా? రంగు తిరిగాయిగా, కోయించెయ్. గడ్డిలో మాగేస్తే రెండ్రోజుల్లో తేనైపోతాయి," అన్నాడు బాబాయి.

"చెర్రీ చెట్టు మీదే పండాలంట బాబాయ్. కోశాక ఇంక తీపెక్కదంట."

"ఎవరన్నారు? యూట్యూబా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ నేనూ నూజివీడు పిల్లనే, మంచం కింద మాగే మామిడికాయల వాసనలో పెరిగాను. ఆయన చెప్పిందే నిజమేమో అనిపించింది. నాలుగు గుప్పెళ్ళు కోసి, గడ్డి పరిచిన అట్టపెట్టెలో వేసి గరాజ్‌లో పెట్టాను. గంటకోసారి వెళ్ళి చూసేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా బాబాయి అక్కడే ఉండేవాడు.

బుధవారం పొద్దున్నే కోత మేస్త్రీ ఫోన్ చేసి మనుషుల్ని తీసుకురమ్మంటారా అని అడిగాడు. లైన్లో ఉండమని గరాజ్‌లోకి పరిగెత్తాను. బాబాయి మీటర్ కంటికి పెట్టుకుని ఉన్నాడు. దించి, తుడిచి, ఇంకో పండు పిండి మళ్ళీ చూశాడు.

"పద్నాలుగే," అన్నాడు. "చెట్టు మీదది పదిహేనున్నరుంది. చూసొచ్చా. కోయించకమ్మా."

ఆ మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు. మేస్త్రీని రేపు రమ్మన్నాను.

సాయంత్రం గంటసేపు వాన దంచింది. ఆగగానే ఇక్కడి రైతుల్లాగే మేం ముందే మాట్లాడిపెట్టుకున్న అద్దె హెలికాప్టర్ చెట్ల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ, రెక్కల గాలితో పండ్ల మీది నీళ్ళు దులిపింది. బాబాయి నోరు తెరుచుకుని చూశాడు.

తెల్లారేసరికి పదింట రెండు పగిలాయి. మిగతావి పదహారున్నర. కోయించి పంపితే షెడ్ వాళ్ళు మారుమాట లేకుండా లోడ్ తీసుకున్నారు. ఆ సంగతి చెబుదామని తోటలోకి వెళితే, బాబాయి ఒక పండు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇలాంటిదాన్నా నేను మొన్నే కోసెయ్యమన్నది?" అని చెట్టునే అడిగాడు.