మొదటి వరసలో తూటా

గడియారం అన్నది ఆమెకు కాలేజీలో పడ్డ పేరు. ఎవరు ఎంతసేపట్లో పరిగెత్తారో సెకన్లతో సహా నోటికి చెప్పేది. ఇప్పుడు సొంతంగా ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నా పాతవాళ్లెవరూ ఆ పేరు మరవలేదు. యూనివర్సిటీలో చదివి ఎనిమిది వందలు, పదిహేను వందల మీటర్లు పరిగెత్తినవాళ్ల రికార్డులన్నీ ఒకచోట చేర్చాలని పూర్వ విద్యార్థుల సంఘం అనుకోగానే ఆ పని నేరుగా వచ్చి ఆమె నెత్తిన పడింది. సంఘం కార్యదర్శి స్వయానా అక్క మొగుడాయె!

ఆమె పాత పేపర్లు తిరగేసింది. పతకాల వెనక చెక్కిన అంకెలు భూతద్దం పెట్టి చదివింది. రిటైరైన టైమ్‌కీపర్ల ఇళ్ల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఆడవాళ్ల పదిహేను వందల మీటర్లలో మొదటి పేరు తూటాది (తనతో పరిగెత్తిన స్నేహితురాలికి కాలేజీలో పడ్డ పేరది), రెండోది తనది.

బావ కళ్లజోడు సర్దుకుని జాబితా చదువుతూ మొదటి పేరు దగ్గరే ఆగిపోయాడు.

"ఈ అమ్మాయి డిగ్రీ పూర్తి చెయ్యలేదుగా! మధ్యలో మానేసినవాళ్లు మన లెక్కలోకి రారు. తీసెయ్, నువ్వే మొదటికొస్తావు. అదృష్టం తలుపు తడుతుంటే గడియ పెట్టుకుంటావా మరదలా?"

"ఆ పందెమంతా నేను చూసింది దాని వీపునే బావా. అది లేనే లేదని ఎలా రాయమంటావు?"

"రూలు రూలే."

"అయితే ఆదివారం కమిటీలో తేల్చుకుందాం," అంటూ ఆమె లేచింది.

చివరి ఏడాదిలో తండ్రి కాలు విరిగితే తూటా చదువు ఆపేసి, ఆయన స్కూటర్ రిపేరు షాపు చేతిలోకి తీసుకుంది. ఇప్పుడది మూడు షట్టర్ల షాపు. సంగతి విని పకపకా నవ్వింది.

"నా తరఫున నువ్వెళ్లి బతిమాలితే ఊరుకోనే. నేనే వస్తా."

ఆదివారం బావ రూలు చదివి వినిపించాడు. తూటా చివరిదాకా విని, ఆయన వెనక అద్దాల బీరువాలో ఉన్న పెద్ద కప్పు వైపు చూపించింది.

"అది మా ఏడాదిదే కదండీ?"

"అవును, టీమ్ కప్పు. అప్పుడు మేనేజర్ని నేనే," బావ ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచాం?"

"రెండు," గడియారం అందుకుంది. "ఇది మొదటొచ్చినందుకు ఐదు."

"మరి నా పరుగు మీది కాదంటే ఆ పాయింట్లూ మీవి కావు. కప్పు రెండో స్థానంలో వచ్చిన జట్టువాళ్లకి పంపించెయ్యండి. బరువనుకుంటే నా బండి మీద నేనే దింపొస్తా."

ముందుగా కోశాధికారి కిసుక్కుమన్నాడు. బావ కప్పు వైపు చూశాడు, మరదలి వైపు చూశాడు. ఇక నవ్వక తప్పలేదు.

"ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారు!"

యూనివర్సిటీ జెర్సీ వేసుకుని పరిగెత్తిన ప్రతివాళ్లూ జాబితాలో ఉండాలని ఆ పూటే తీర్మానించారు.

దాంతో గడియారానికి పని రెట్టింపయింది. ఉద్యోగం రాగానే చదువు మానేసిన ఓ సీనియర్ బయటపడింది. పందెం నిర్వహించినవాళ్లను అడిగితే ఆవిడ టైము నిజమేనని తేలింది. అది తనకన్నా మెరుగు. గడియారం ఆవిడను రెండో చోట ఎక్కించి, తన పేరు మూడో చోటికి దించింది.

బావ ఫోన్ చేశాడు. "కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరదలా. ఒకటో చోటు కాదనుకున్నావు, ఇప్పుడు రెండోదీ పోయింది!"

"ఆవిడ నాకన్నా తొందరగా వచ్చింది బావా. ముందే ఉంటుంది. అన్నట్టు, మేనేజర్ కాకముందు నువ్వు పరిగెత్తిన ఎనిమిది వందల టైము కూడా దొరికింది."

బావ గొంతు తగ్గించాడు.

"ఎన్నోవాణ్ణి?"

"పదకొండు."

"పర్లేదే!" అన్నాడు బావ. ఆ గొంతులో నిజంగానే సంతోషం పొంగింది.