అడగకుండా తీసిన కట్టెలు

పోయినేడు మే పదకొండో తారీఖు. ఆ పొద్దున షాహీన్ తిన్నది చల్లన్నంలో మజ్జిగ, నంజుకోవడానికి ఒక ఉల్లిగడ్డ, ఇంత మామిడికాయ తొక్కు. తారీఖుతో సహా గుర్తుండటానికి కారణం ఉంది. వానకాలానికి కట్టెలు పేర్చడం ఆ రోజే పూర్తయింది. పై వరస మీద చీల్చిన ఆఖరి తుమ్మపేడు పెట్టి, చేతులు దులుపుకుని, పెరటి గడపలో కూర్చుని ఆ గిన్నెడు అన్నం నిదానంగా తిన్నది. తిన్నంతసేపూ ఎవరూ పిలవలేదు. అదొక భాగ్యం.

తొర్రూరు పక్కన పల్లెలో ఆరుగురున్న ఇల్లు వాళ్లది. గ్యాస్ ఉంది కానీ అది చాయకూ, చుట్టాలొచ్చినప్పుడూ. అన్నం, రొట్టెలు, అందరి స్నానాల నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీదే. ఆ పొయ్యికి కావలసిన కట్టె అంతా షాహీన్ చేతి మీదుగానే వస్తుంది. పత్తి ఏరడం అయిపోయాక చేనులో పత్తికట్టె పీకి మోపులు కట్టుకొస్తుంది, అది రాజేయడానికి. తుమ్మ మొద్దులను ఒక ఎండాకాలం గొడ్డలితో చీల్చి, పురుగు పట్టకుండా బెరడు ఒలిచి, మరుసటి ఎండాకాలం దాకా ఆరబెడుతుంది. చెదలు ఎక్కకుండా కింద బండలు, గాలి ఆడేలా గోడకు జానెడు ఎడం. రెండు పేళ్లు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. అప్పుడే అది కట్టెలు దాచే వెనక అర్రలోకి పోతుంది.

ఊళ్లో మాత్రం ఆ పేరు ఆమె భర్త వలీది. "వలీ ఇంట్ల కట్టెలు జూడుండ్రి, పేర్సుడంటె గట్ల పేర్వాలె" అని ఎవరైనా అంటే వలీ మీసం సవరించుకునేవాడు. పక్కింటి సోమక్క ఒకసారి నవ్వుతూ అడిగింది, "ఏం షాహీన్, మీ ఆయన గొడ్డలి ఏ చేత్తోని పడుతడే?" షాహీన్ కూడా నవ్వింది. "నడుం నొప్పి చేత్తోని అక్కా." గొడ్డలి పేరెత్తగానే వలీకి నడుం పట్టేస్తుందని ఇద్దరికీ తెలుసు.

జులైలో తన సొంత అక్కకు ఆపరేషన్ అయితే షాహీన్ నెక్కొండ పోయి పదిరోజులు ఉండి వచ్చింది. వచ్చిన సాయంత్రం పొయ్యి పక్కన తెచ్చిపెట్టి ఉన్న పేళ్లతో రాజేస్తే పొగ తప్ప మంట లేదు. పేడు కొస నుంచి నురుగు కారుతోంది. మంచం మీద నుంచి అత్త ఫాతిమా బేగం దగ్గుతూ అన్నది, "పదిహేనేండ్లాయె వచ్చి. ఇంక పొయ్యి ముట్టిచ్చుడు రాలే ఈమెకు."

షాహీన్ అర్రలోకి పోయి చూసింది. సగం కట్టె లేదు. దాని స్థానంలో పచ్చి తుమ్మ, నిన్నోమొన్నో నరికింది, బెరడుతోనే గోడకు ఆనించి పేర్చి ఉంది. వాన తగలొద్దని దాని మీదా, మిగిలిన ఎండు కట్టె మీదా కలిపి ప్లాస్టిక్ కవరు నేలదాకా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. కవరు లాగితే లోపలంతా చెమట పట్టి ఉంది. తన ఎండు కట్టె మీద తెల్లటి బూజు.

"ఎవలు తీసిండ్రు?" అని భర్తను అడిగింది.

"నేనే. తమ్ముడు ఫైజల్ ఇంట్ల దావత్ గద, పెద్ద వంట. కట్టెలు కావాలన్నడు, ట్రాలీల తోలిన. మల్ల బదులు పేర్సిపెట్టిన, ఒక్క కట్టె తక్కువ లేదు జూసుకో."

"నన్ను అడుగలేదు."

వలీకి నిజంగానే అర్థం కాలేదు. "కట్టెలకు గూడ అడుగుతరా? కట్టెలేమన్న బంగారమా?"

అన్నం ఉడికేసరికి ఆమె కళ్లు మండిపోయాయి. కానీ బుర్ర మాత్రం తేటగా ఉంది. ఈ మనిషి సోమక్క నిచ్చెన కావాలంటే గోడ పక్కన నిలబడి అడుగుతాడు, తెచ్చింది వాడుకుని తుడిచి ఇచ్చి వస్తాడు. తమ్ముని పెరట్లో నిమ్మకాయ కోయాలన్నా "కోసుకోనా" అంటాడు. చెడ్డవాడేం కాదు, అడగడం తెలిసినవాడే. మరి రెండు ఎండాకాలాలు తన భుజాల మీదుగా పోయిన గొడ్డలి దెబ్బలు, అరచేతిలో విరిగిన ముళ్లు, తేలు ఉంటుందేమోనని కర్రతో తట్టితట్టి తీసిన ఒక్కొక్క పేడు, ఇవన్నీ అతని కంటికి ఎందుకు ఆనలేదు? ఎవరూ చేయకుండా అదే అయిపోయే పని అనుకున్నాడు. తెల్లవారినట్టు, వాన పడినట్టు. ఇన్నేళ్లూ తను కూడా ఆ పని ఏమిటో నోరు తెరిచి చెప్పలేదు. చెబుదాం అనుకుంది. కోపంగా కాదు, పూర్తిగా.

తెల్లారి వాన వెలిసింది. స్నానాల నీళ్ల గుండిగ పొయ్యి మీద పెట్టి, పచ్చి తుమ్మ పేళ్లు పక్కన వేసి, ఊదుగొట్టం వలీ చేతికిచ్చింది.

"నువ్వు తెచ్చిన కట్టె, నువ్వే ముట్టియ్యి. నేను బూజు పట్టిన కట్టె ఎండకేసుకోవాలె. ఇయ్యాల్టి సంది అర్రల నుంచి ఒక్క పేడు కావాలన్నా నన్ను అడగాలె. ఎవలకైనా సరే."

"మార్కెట్‌కు ఆలిశమైతాంది నాకు!"

"నాకు రోజూ పొయ్యి కాడ గిట్లనే ఆలిశమైతది."

అరగంట ఊదాడు. కళ్లు మిరపపండ్లయ్యాయి, నీళ్లు గోరువెచ్చగా కూడా కాలేదు. "అమ్మా, జర నువ్వన్న చెప్పరాదే" అని కేకేశాడు.

ఫాతిమా బేగం కర్ర పట్టుకుని మెల్లగా వచ్చింది. షాహీన్ తిట్టు కోసం సిద్ధపడింది. ముసలామె వంగి రెండు పేళ్లు తీసి, ఒకదానితో ఒకటి కొట్టి విన్నది.

"ఇది ఏడాది ఎండాలెరా. దీన్ని కప్పిపెడుతరా ఎవలన్న?" అని పొయ్యి పక్కన కూర్చుంది. "మీ నాయన గూడ గిట్లనే, మీ మేనత్త పెండ్లికి నా కట్టెలన్ని బండికెత్తిండు. ఆ వానకాలమంత పొగల కూసున్న. అడుగుదమంటె నాకు నోరు రాలే." తరవాత కోడలి వైపు చూడకుండానే అన్నది, "నిన్న నేనన్న మాట మనసుల పెట్టుకోకు బిడ్డా. పొగకు అన్న."

వలీ ఆ పూట చన్నీళ్లు పోసుకుని పోయాడు.

సాయంత్రం ఫైజల్ ఫోన్ చేశాడు. ఇంకో దావత్ ఉందట, ఇంకో ట్రాలీ కట్టె కావాలట. వలీ తమ్మునికి ఒక్క మాట చెప్పి ఫోన్ షాహీన్ చేతిలో పెట్టాడు. "జర మీ వదినెను అడుగు."

"ఎండుది ఇయ్యను ఫైజల్, వానకాలం వెళ్లాలె నాకు" అన్నది షాహీన్. గొంతు ఆమెకే కొత్తగా, హాయిగా వినిపించింది. "మొద్దులైతె ఉన్నయి. ఆదివారం గొడ్డలి పట్టుకొని రా, చీల్చుడు నేర్పుత."

చీకటి పడకముందే ఎండలో ఆరిన కట్టె లోపలికి చేరాలి. షాహీన్ చేతుల నిండా తెస్తుంటే, ఫాతిమా బేగం కర్ర గోడకు ఆనించి, రెండేసి పేళ్లు అందుకుని పేరుస్తూ వచ్చింది. గోడకు జానెడు ఎడం వదలమని ఎవరూ ఆమెకు చెప్పలేదు, తనే వదిలింది. అంతా అయ్యాక కోడలిని కాళ్లూచేతులు కడుక్కోమని పంపి, ముసలామె అర్రలోకి ఒకసారి తొంగిచూసింది. ఎప్పుడూ తెరిచే ఉండే తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టింది.