ఆ సూది ఏ ఇంటిది

నాది పాత సామాన్ల వ్యాపారం. నాలుగు వీధుల ఇళ్ళ నుంచి పొడి చెత్త తెచ్చి, షెడ్డులో విడదీయించి, అట్టను అట్టగా, రేకును రేకుగా, ప్లాస్టిక్కును రకం రకంగా అమ్ముతాను. తెచ్చినప్పుడు ఒక తూకం, విడదీశాక ఒక తూకం. రెండింటి మధ్య తేడా తరుగు. తడిసిన కాగితం, మట్టి, ఎవరికీ పట్టని ముక్కా చెక్కా కలిపి నూటికి ఏడెనిమిది పాళ్ళు పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఏ లెక్క వేసినా ముందు తరుగు తీసేసి వేయడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే ఒక మనిషిని కూడా లెక్క వేశాను.

షెడ్డులో రేకు తొడిగిన పొడవాటి బల్ల ఉంది. దాని చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళలో పెద్దావిడను అందరం పెద్దమ్మ అంటాం. సీసాల పని చూసే ఆవిడ సీసాలమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి, మొగుడు బస్సు డ్రైవరు, నాలుగేళ్ళ కూతురు. మూడో ఆవిడ మాట తక్కువ మనిషి, అట్టలు కట్టకడుతుంది. ఒక ఇంటి సంచి విప్పితే చాలు, ఆ ఇంటి సంగతి వీళ్ళు చెప్పేస్తారు.

"పెద్దమ్మా, మూల ఇంట్లో మళ్ళీ పళ్ళెం పగిలింది."

"వారానికొకటి విసురుతోందే ఆవిడ. ఇంకో నెల పోతే ఇద్దరూ గిన్నెలోంచే తినాలి."

"మొగుడి తలకి తగలట్లేదంటావా?"

"తగిలితే దూదీ పట్టీలూ వచ్చేవి కదే సంచిలో."

ఇళ్ళవాళ్ళకు ఎలా విడదీయాలో నేర్పింది నేనే. గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పాను. గాజు పెంకులు పాత గుడ్డలో చుట్టండి, డబ్బాలు ఒకసారి కడిగి ఇవ్వండి, ఇంట్లో ఇంజెక్షన్లు వాడేవాళ్ళుంటే సూదులు మందపాటి సీసాలో వేసి మూత బిగించి నా చేతికే ఇవ్వండి, వాటిని ఆసుపత్రి చెత్తతో పంపిస్తాను అని. కొందరు వెటకారంగా నన్ను మాస్టారు అనేవారు. పోయినేడు టైలరు ఇంటి సంచిలో ఒక సూది వస్తే, ఆయన మెట్ల మీద నిలబడి వీధి వీధంతా వినేలా తిట్టాను. టైలరు కొడుకు మత్తుమందు ఎక్కించుకుంటాడని అందరికీ తెలుసు. టైలరు తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి సూది రాలేదు.

మా అమ్మకు షుగరు. రోజుకు రెండు ఇంజెక్షన్లు, మా ఆవిడే వేస్తుంది. నేను వీధికి చెప్పినట్టే తనూ ఇంట్లో ఒక సీసా పెట్టుకుంది. గచ్చు కడిగే మందు వచ్చే తెల్లటి, మందపాటి సీసా. మా సరుకులో మంచి ధర పలికే రకం. ఒకరోజు పొద్దున స్నానాల గదిలో అలమారా మీద నా కంటపడింది.

"ఇంత మంచి సీసాని సూదులతో పాటు తగలబెట్టేస్తామా?" అన్నాను.

"మీరే కదండీ వీధంతా చెప్పారు."

"వీధికి చెప్పింది వీధికి. మనింట్లో జాగ్రత్త మనకి తెలీదా? కాగితంలో గట్టిగా చుట్టి మూలన పెట్టు, నేనే తీసికెళ్తాను."

"ఒక్క సీసా అండీ."

"నెలకొకటంటే ఏడాదికి పన్నెండు."

తను సూదులు కాగితంలో చుట్టి మూలన పెట్టింది. సీసా ఖాళీ చేసి ఇచ్చింది. నేనే కడిగి, షెడ్డులో తెల్ల సీసాల గోతాంలో వేశాను. మూలన పెట్టిన పొట్లం సంగతి మాత్రం మర్చిపోయాను. ఇల్లు ఊడ్చేటప్పుడు అది మా సంచిలోకి పోయింది. మా వీధి కూడా నా నాలుగు వీధుల్లో ఒకటే.

వారం తర్వాత, మధ్యాహ్నం భోజనాలకు లేవబోతూ సీసాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. అరవలేదు. తొడుగు తీసి చూసుకుంది. చూపుడు వేలి మీద చిన్న నెత్తురు బొట్టు. పెద్దమ్మ ఆమెను కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి వేలు నీళ్ళ కింద పెట్టింది.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను. నలిగిన కాగితంలోంచి సూది బయటికి పొడుచుకొచ్చి ఉంది. అదే మడతలో అమ్మ మాత్రల అట్టపెట్టె. దాని మీద ఆకుపచ్చ సిరాతో ఒక గీత, పక్కనే రెండు గీతలు. పొద్దున ఒకటి, రాత్రికి రెండు అని. అమ్మకు అక్షరాలు ఆనవు కాబట్టి మా ఆవిడ ప్రతి పెట్టె మీదా అలా గీస్తుంది.

"ఎవరింటిది పెద్దమ్మా?" అని కుళాయి దగ్గర నుంచి సీసాలమ్మ అడిగింది.

"ఇంకెవరిది, టైలరింటిది. ఆ కుర్రాడు మానేస్తాడా?"

నేను అవుననలేదు, కాదనలేదు. అట్టపెట్టె తీసి అట్టల కుప్పలోకి విసిరేశాను. పెద్దమ్మ వచ్చి సూదిని పట్టకారుతో ఎత్తి ఆసుపత్రి డబ్బాలో వేసింది. మూడో ఆవిడ ఆ సాయంత్రమే అట్టలు కట్టకట్టేసింది, లారీ వచ్చి ఎత్తుకుపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది అదే. "సూది ఎవరిదో తెలుసా? తెలిస్తే వాళ్ళ రక్తం పరీక్ష చేద్దాం. అందులో ఏమీ లేకపోతే ఈ అమ్మాయికి మందులతో పని లేదు."

సీసాలమ్మ నా వైపు చూసింది.

"చెత్తలో వచ్చిందండి. నాలుగు వీధుల చెత్త," అన్నాను.

అందులో ఒక్క అబద్ధం లేదు. సరుకు గురించి అలాంటి మాటలు నేను చాలామందికి చెప్పాను. పెద్దమ్మ మాత్రం టైలరు కొడుకు సంగతి చెప్పేసింది. డాక్టరమ్మ ఇక ఆలోచించకుండా నెల రోజుల మాత్రలు రాసింది. ఎయిడ్స్ రాకుండా వేసే మాత్రలు, ఒక్క పూట కూడా మానకూడదంది. మూడు నెలల తర్వాత పరీక్ష. అందాకా మొగుడితో జాగ్రత్తగా ఉండాలి, పిల్లను ఎత్తుకుంటే, కలిసి తింటే ఏమీ కాదు అని రెండుసార్లు చెప్పింది.

నా లెక్క ఇలా సాగింది. నెలాఖరుకు వీధుల సంఘం నాకు ఇంకో మూడేళ్ళు పని ఇవ్వాలి. మాస్టారు ఇంటి నుంచే సూది వచ్చిందంటే రేపటి నుంచి ఏ ఇల్లూ విడదీయదు, ముగ్గురి పని పోతుంది. మా అమ్మ గడప దాటని మనిషి, ఆమె రక్తంలో ఏముంటుంది? కాబట్టి సీసాలమ్మకు ప్రమాదమే లేదు. ఓ నెల మాత్రలు మింగుతుంది, పనికి రాని రోజులకు కూడా కూలి ఇస్తాను, పరీక్షలో ఏమీ లేదని తేలుతుంది. కాసిని వాంతులు, కాస్త నిద్ర చెడడం. అది తరుగు.

ఇంటికి రాగానే మా ఆవిడకు చెప్పాను.

"అక్కడే చెప్పాల్సింది మీరు."

"నెల గడిస్తే అంతా సర్దుకుంటుంది."

"మీ నెలా, ఆవిడ నెలా ఒకటేనా?" అంది.

ఒకటి కాదని నాకు రెండో వారంలో తెలిసింది. మాత్ర వేసుకున్న గంటకల్లా సీసాలమ్మ షెడ్డు వెనక్కి పరుగెత్తేది. తిరిగి వచ్చి మూతి తుడుచుకుంటూ, "వీధిలో నాకు నెల తప్పిందనుకుంటున్నారన్నా. అదైనా బాగుండు," అనేది. నవ్వడానికి పెద్దమ్మ తప్ప ఎవరూ లేరు. మూడో ఆవిడ బల్ల అవతలి కొసకు జరిగింది. మంచినీళ్ళ కడవ దగ్గర సీసాలమ్మ గ్లాసు విడిగా బోర్లించి ఉండేది. ఎవరు వేరు చేశారో నేను అడగలేదు.

ఇంట్లో మొగుడు ఆమె కంచం, గ్లాసు, దుప్పటి వేరు పెట్టాడు. డాక్టరమ్మ చెప్పిన మాట చెబితే, "తన కూతురైతే ఆవిడ అలాగే చెప్తుందా?" అన్నాడట. పదహారో రోజున పిల్లను తీసికెళ్ళి వాళ్ళ అక్క ఇంట్లో ఉంచాడు. మంచివాడే, భయపడ్డాడు. సీసాలమ్మ ఆ సంగతి చెబుతున్నప్పుడు చేతులు మాత్రం ఆగలేదు. ఆకుపచ్చ సీసాలు ఒక గోతాంలోకి, గోధుమ రంగువి ఇంకో గోతాంలోకి పడుతూనే ఉన్నాయి.

"పరీక్ష అయ్యాక తెస్తాడులే," అంది పెద్దమ్మ.

"మూడు నెలలకి అది నన్ను అమ్మా అంటుందా, అత్తని అమ్మా అంటుందా పెద్దమ్మా?"

ఆ రోజే చెప్పేస్తానని అనుకున్నాను. మర్నాడు అనుకున్నాను. పంతొమ్మిదో రోజున టైలరు షెడ్డుకు వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. నాతో కాదు, సీసాలమ్మతోనే మాట్లాడాడు.

"అమ్మాయ్, నీకు గుచ్చుకున్న సూది మా వాడిదేనంటున్నారు. ఇంట్లో వేసుకోవడం మానేశానని వాడు నాతో అన్నాడు. వాడి మాట మీద నాకు నమ్మకం లేదు. అందుకని పరీక్షకి తీసికెళ్ళాను." జేబులోంచి కాగితం తీశాడు. "వాడికి ఉందమ్మా. ఆ జబ్బు. దాచిపెడితే నీకు అన్యాయం జరుగుతుందని వచ్చాను."

సీసాలమ్మ చేతిలో గోధుమ రంగు సీసా ఉంది. దాన్ని సరైన గోతాంలోనే వేసింది. తర్వాత నేల మీద కూర్చుంది.

"టైలరు గారూ, ఆ సూది మీ ఇంటిది కాదు," అన్నాను.

టైలరు నాకు దణ్ణం పెట్టాడు. "పోయినేడు మీరు తిట్టినందుకు నాకేం బాధ లేదు బాబూ. ఇప్పుడు మా పరువు కాపాడాలని చూడకండి."

"మా ఇంటిది. మా అమ్మ సూది. నేను ఆ రోజే చూశాను."

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో నాయనా. పిల్ల గుండె ఆగేలా ఉంది, ఇప్పుడా ఈ మాటలు?"

నేను ఒట్టు వేశాను. అట్టపెట్టె సంగతి, ఆకుపచ్చ గీతల సంగతి చెప్పాను. ఆ పెట్టె ఏదని ఎవరూ అడగలేదు. అడిగినా ఆ పాటికి ఏ కాగితం మిల్లులోనో గుజ్జయి ఉంటుంది.

మర్నాడే అమ్మను ఆసుపత్రికి తీసికెళ్ళి పరీక్ష చేయించాను. ఏమీ లేదని కాగితం ఇచ్చారు. అది పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చదివి పక్కన పెట్టింది.

"మీ అమ్మగారి రక్తం బాగుంది, సరే. గుచ్చుకున్నది ఆవిడ సూదే అని ఎవరు చెప్తారు?"

"నేను చెప్తున్నానండి."

"ఆ రోజు మిమ్మల్నే అడిగాను కదా."

"భయపడి చెప్పలేదండి."

"ఇప్పుడు భయపడి చెప్పట్లేదని నాకెలా తెలియాలి?" అంది. కోపంగా అనలేదు. "మాత్రలు ఆపను. మూడు నెలలకి పరీక్ష చేయాల్సిందే."

సాయంత్రం మా ఆవిడను వెంటబెట్టుకుని సీసాలమ్మ ఆడపడుచు ఇంటికి వెళ్ళాను. గేటు అవతల డ్రైవరు, ఇవతల సీసాలమ్మ నిలబడి ఉన్నారు. పని కాగానే ఆమె రోజూ ఇక్కడికే వస్తోందని నాకు అప్పుడే తెలిసింది. మొత్తం మొదటి నుంచి చెప్పాను. డ్రైవరు ఓపిగ్గా విన్నాడు.

"అయ్యా, మీ దగ్గర పనిచేస్తుంటే గుచ్చుకుంది. కేసు పెడతామనుకుంటున్నారేమో. మేం పెట్టం, వెళ్ళండి."

"కేసు కాదు. నిజం చెప్తున్నాను."

మా ఆవిడ ముందుకు వచ్చింది. "అమ్మాయ్, ఆ సూదులు నా చేత్తో నేనే చుట్టాను. మా అత్తగారివే."

సీసాలమ్మ తన వైపు చూసింది. "మీరు కూడానా అక్కా?" అంది. తర్వాత మొగుడితో, "ఆయన్నేమీ అనకు. మంచోడు. టైలరు గారు చెప్పేదాకా పద్దెనిమిది రోజులు ఆయనకి గుర్తు రాలేదు, నా మొహం చూశాక గుర్తొచ్చింది. నిజంగా వాళ్ళదే అయితే ఆ డాక్టరమ్మ ముందే చెప్పేవాడు కదా. అన్నాళ్ళు నన్ను చూస్తూ ఎందుకూరుకుంటాడు?" అంది.

దెప్పి అన్న మాట కాదు. నా తరఫున మాట్లాడుతోంది.

దారిలో మా ఆవిడ నాకు రెండడుగులు ముందే నడిచింది.

నెలాఖరున వీధుల సంఘం వాళ్ళు పిలిచారు. పని పోతుందనే వెళ్ళాను. కార్యదర్శి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. టైలరు కుటుంబాన్ని కాపాడడానికి కన్నతల్లి మీద నింద వేసుకున్నానని, ఒక పనిమనిషి కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగానని నాలుగు వీధుల్లో చెప్పుకుంటున్నారట. అది కాదు జరిగింది అని మొదలుపెట్టాను. ఆయన నవ్వి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఈసారి ఐదేళ్ళకు ఇచ్చారు. టైలరింటి సంచి మాత్రం షెడ్డులో ఎవరూ ముట్టుకోవడం లేదు. నేనే విప్పుతున్నాను.

సీసాలమ్మ మాత్రలు అయిపోయాయి. పరీక్షకు ఇంకా రెండు నెలలు. సాయంత్రం పని కాగానే సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుని ఆ గేటు దగ్గరికి వెళుతుంది. నిన్న అటు సరుకు ఎత్తడానికి పోతూ బండి ఆపి చూశాను. పిల్ల ఊచల మధ్య నుంచి చెయ్యి బయటికి పెట్టింది. సీసాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఈ రోజు ఏం ఆడుకున్నావని అడుగుతోంది.