ఏడో గది చిక్కం

నేను ఒక చిక్కాన్ని. దూడలు మట్టి తినకుండా తాడుతో అల్లి మూతికి కట్టే చిక్కం కాదు, తోలుతో కుట్టిన కుక్క చిక్కాన్ని. పొడవు జానెడు. రెండు పొరల గేదె తోలు, చెవుల వెనక్కి వెళ్ళే పట్టీ, పట్టీకి అయిదు బెజ్జాలు, ఒక ఇత్తడి బకిలు. కంకిపాడు దాటాక పొలాల్లో ఉన్న ఒక కుక్కల హాస్టల్లో, ముందుగది గోడకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాను. ఇప్పుడు నన్ను ఎవరి మూతికీ కట్టరు. ఎందుకు కట్టరో చెబుతాను.

నన్ను కుట్టింది గుడివాడ రైల్వే గేటు దగ్గర చెప్పులు కుట్టే దావీదు. ఒకప్పుడు ఎడ్ల మెడలకు పట్టెడలు కుట్టేవాడు. హార్డ్‌వేర్ కొట్టు కాటంరాజు ఒక పొద్దున వచ్చి, కుక్క మూతి కొలతలు రాసిన కాయితం ఆయన చేతిలో పెట్టాడు.

"దూడకి కట్టినట్టు తాడుతో అల్లించుకోరాదా అయ్యా, గాలాడుద్ది," అన్నాడు దావీదు.

"దూడకి కట్టేది మట్టి తినకుండా. దీనికి కట్టేది మనుషుల్ని తినకుండా."

"నోరు తెరవకపోతే ఎట్టా మరి?"

"ముక్కుందిగా!"

దావీదు పని మొదలుపెట్టాడు. ముక్కు దగ్గర ఖాళీ వదిలి, దవడలు కదలకుండా కుట్టాడు. చివర్లో నన్ను తన చేతికి తొడుక్కుని వేళ్ళు విప్పబోయాడు. అవి విచ్చుకోలేదు. చెయ్యి లాగేసుకుని నన్ను దూరంగా పెట్టాడు. నేను పుట్టిన రోజు సంగతుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

కాటంరాజు దొంగల భయంతో కుక్కను తెచ్చుకున్నాడు. జర్మన్ షెపర్డ్. మేజర్ అని పేరు పెట్టాడు. ఏడాదిన్నరలో దొంగ ఒక్కడూ రాలేదు. పాలవాడు రావడం మానేశాడు. గ్యాసు బండ తెచ్చే మనిషి పిక్కకు ఆరు కుట్లు పడ్డాయి. ఆ మర్నాడే కాటంరాజు దావీదు దగ్గరికి వచ్చాడు. నన్ను మేజర్‌కి కట్టే పని వాచ్‌మన్‌ది. కాటంరాజు కిటికీ లోపల నిలబడి "బిగించు, ఇంకా బిగించు" అనేవాడు. నా లోపలివైపు కుక్క ఊపిరితో తడిసేది, పట్టీ మనిషి చేతి చెమటతో తడిసేది. రెండు తడులూ భయానివే.

మే నెల రెండో వారంలో కాటంరాజు కుటుంబం మనాలి బయల్దేరింది. మేజర్‌ని, నన్ను ఇక్కడ దింపింది. బోర్డు మీద పేరు వేరే ఉంది గాని ఆటోవాళ్ళు కుక్కల హాస్టలనే అంటారు. ఇది ఒకప్పుడు కోళ్ల షెడ్డు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన రాఘవులు దీన్ని పన్నెండు గదులుగా కట్టించాడు. ఆయన, భార్య నాగరత్నమ్మ, కొడుకు ఫణి, కోడలు హైమావతి. పనంతా ఈ నలుగురే చేసుకుంటారు.

తెల్లారకముందే అయిదింటికి కుక్కల్ని ఒక్కొక్కటిగా పొలం గట్టు మీద తిప్పడం మొదలుపెడతారు. ఎనిమిదిలోపు అందరూ గదులకు చేరాలి. ఆ తర్వాత నేల కాలుతుంది, పాదాలు బొబ్బలెక్కుతాయి. గదులు కడుగుతారు. కోడి మెడలు వేసి అన్నం ఉడికిస్తారు. కిటికీలకు గోనె పట్టాలు కట్టి గంటకోసారి తడుపుతారు. మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం యజమానుల వీడియో కాల్స్. మూడో గదిలోని పగ్గు తన తలగడతో సహా వచ్చింది. యజమానురాలు రోజూ ఫోన్లో దానికి జోల పాడేది. పగ్గు ఫోనుకు వీపు పెట్టి పడుకునేది.

"నాయనా, అమ్మ పాడుతోందిరా, కాస్త ఇటు తిరుగు. ఆమె చూస్తే మమ్మల్నంటుంది," అని నాగరత్నమ్మ బతిమాలేది.

ప్రతి గది తలుపుకూ ఒక పలక ఉంటుంది. తిండి, నీళ్లు, మందు, చిక్కం అని నాలుగు గళ్ళు. పని అయితే టిక్కు పెట్టాలి. గదిలోకి రాగానే చిక్కం తీసెయ్యాలన్నది రాఘవులు పెట్టిన నియమం. మొదటిరోజే ఆయన నన్ను విప్పుతూ కొడుకుతో అన్నాడు: "కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదురా. నోరు తెరిచి వగరిస్తేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. నోరే దాని కూలరు. ఈ చిక్కం కుట్టినవాడికి ఆ సంగతి తెలీదు."

కుట్టినవాడికి అనుమానమొచ్చింది. కుట్టించినవాడు వినలేదు. ఆ రోజు నుంచీ నాకు భయం పట్టుకుంది. అంతవరకూ నేను కరవకుండా ఆపే వస్తువుననుకున్నాను. నేను ఇంకేం ఆపగలనో అప్పుడు తెలిసింది.

ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే కాదు. కిందటి వేసవిలో ఒక డాల్మేషన్ హైమావతి ఎడమ చేతిని కరిచి పట్టుకుంది. గాయం మానింది గాని చిటికెన వేలు, ఉంగరం వేలు ఇప్పటికీ మడతపడవు. అప్పటినుంచీ ఆమె వంట, కడగడం, పలకలు రాయడం మీద వేసుకుంది. గదుల్లోకి వెళ్లాల్సి వస్తే పగ్గులు, పొమెరేనియన్ల దగ్గరికే వెళ్లేది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కుక్కల మీద బతికే ఇంట్లో కుక్కంటే భయమని ఎలా చెబుతుంది?

"అమ్మాయ్, ఏడో గదివాడు నీవంకే చూస్తున్నాడు, పెళ్ళిచూపులకొచ్చినట్టు," అంది నాగరత్నమ్మ ఒకరోజు.

"నచ్చలేదని కబురు పంపండత్తయ్యా," అంది హైమావతి. నవ్వింది. మజ్జిగ గిన్నెను కర్రతో గదిలోకి తోసి వెళ్లిపోయింది.

అయిదో రోజు. ఎనిమిది కావస్తోంది. ఫణి మేజర్‌ని తిప్పి తీసుకొచ్చి గదిలోకి వదిలాడు. నేనింకా మూతికే ఉన్నాను. ముందురోజు సాయంత్రం నన్ను కట్టి మేజర్‌ని బయటికి తెచ్చాక, వీడియో కాల్లో కాటంరాజు నన్ను చూసి "వదులుగా ఉంది, ఇంకో బెజ్జం లాగండి" అని గోల చేశాడు. అందుకని ఆ పొద్దున ఫణి మూడో బెజ్జం వదిలి నాలుగో బెజ్జానికి పెట్టాడు. సరిగ్గా అప్పుడే మూడో గది నుంచి రాఘవులు కేకేశాడు. పగ్గు వాంతి చేసుకుని పడిపోయింది.

"హైమా! ఏడో గది చిక్కం తీసెయ్. నేనూ నాన్నా బెజవాడ వెళ్ళొస్తాం," అన్నాడు ఫణి.

"అలాగే."

కారు వెళ్లిపోయింది. హైమావతి తలుపు దగ్గరికొచ్చింది. గడియ తీసింది. మేజర్ లేచి నిలబడ్డాడు. గొంతులో గుర్రుమన్నాడు, అది నా కుట్లలో తెలిసింది. ఆమె గడియ వేసేసింది. తర్వాత పలక మీద సుద్దముక్క గీసుకున్న చప్పుడైంది.

చిక్కం గడిలో టిక్కు.

"కాసేపాగి తీస్తా," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు.

తొమ్మిదిన్నరకు మళ్లీ వచ్చింది. ఈసారి గడియ మీద చెయ్యి పెట్టి, తియ్యకుండానే వెనక్కి లాక్కుంది. పదింటికి నాగరత్నమ్మ వచ్చింది. ఆమెకు కంటి శుక్లాల ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. నల్లద్దాలు పెట్టుకుని, వంగకూడదు గనక పలకనే ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఏడో గది చిక్కం అయిందా అమ్మాయ్?"

"అయిందత్తయ్యా."

మొదట చేతితో, ఇప్పుడు నోటితో. ఆ అబద్ధానికి లోపలివైపు నేనున్నాను. నన్ను నేను విప్పుకోలేను. మేజర్ కాసేపు ముందుకాళ్లతో నన్ను గీరాడు. తర్వాత మానేశాడు. ముందు నీళ్ల తొట్టి ఉంది. మూతి ముంచాడు. నాలుక బయటికి రాలేదు. నేను నానాను, అంతే. నానిన తోలు ఆరేకొద్దీ బిగుసుకుంటుంది.

పదకొండుకు కరెంటు పోయింది. కూలర్లు ఆగిపోయాయి. గోనె పట్టాలు అరగంటలో ఆరిపోయాయి. హైమావతి బకెట్లతో ఒక్కో కిటికీ తడుపుకుంటూ వస్తోంది. నాలో మేజర్ ఊపిరి మొదట గబగబా వచ్చింది. తర్వాత ఇంకా గబగబా. తర్వాత చిన్నదైపోయింది. నురగ నా అంచుల్లోంచి కారింది. వాడి నాలుక దవడల మధ్య లావెక్కి నన్ను లోపలినుంచి తోస్తోంది. చచ్చిపోతున్నాడని తెలుస్తోంది. చంపుతున్నది నేనేనని తెలుస్తోంది. అరవడానికి నాకు నోరు లేదు. వాడికున్న నోరును నేను పట్టుకుని ఉన్నాను.

కూలర్లు తిరుగుతుంటే ఆ షెడ్డులో ఇంకే చప్పుడూ వినపడదు. అవి ఆగితే కుక్కల వగర్పు వినపడుతుంది. ఆ రోజు షెడ్డులో పదకొండు కుక్కలున్నాయి. హైమావతి బకెట్టు దించి ఆగింది. వింది. మొదటి గది, రెండోది, నాలుగోది. అయిదు, ఆరు. ఎనిమిదో గది లాబ్రడార్ గట్టిగా వగరుస్తోంది.

ఏడో గదిలో వగర్పు లేదు.

బకెట్టు పడిపోయిన చప్పుడు విన్నాను. గడియ తెరుచుకుంది. మేజర్ కాళ్లు ఎడంగా పెట్టి, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"అత్తయ్యా! చిక్కం తియ్యలేదు! నేను తియ్యలేదు!"

నాగరత్నమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఉండు, నేను తీస్తా."

"మీరు వంగకూడదు. మీకు కనపడదు కూడానూ."

"మరి తియ్యవే! ఏం చూస్తున్నావ్?"

బకిలు సంగతి ఒకటి చెప్పాలి. దాన్ని విప్పాలంటే ముందు పట్టీని ఇంకాస్త బిగించాలి. అప్పుడే ముల్లు బెజ్జంలోంచి వస్తుంది. ఊపిరాడని కుక్కకు అది ఎలా అనిపిస్తుందో ఆమెకు తెలుసు. కరిచిన కుక్క ఎలా ఉంటుందో కూడా తెలుసు. మోకాళ్ల మీద కూర్చుంది. కుడిచేత్తో ముల్లు పట్టుకుంది. ఎడమచేత్తో పట్టీ కొస లాగింది. రెండు వేళ్లు మడతపడలేదు. నానిన తోలు జారింది. మళ్లీ లాగింది. మళ్లీ జారింది. మేజర్ గుర్రుమన్నాడు.

అప్పుడామె వంగి, నా పట్టీ కొసను పళ్ళతో పట్టుకుంది.

ఆమె చెంప మేజర్ చెవికి ఆనింది. ఆమె మెడకూ వాడి పళ్ళకూ మధ్య నేను ఒక్కదాన్నే ఉన్నాను. మరుక్షణం నేనూ ఉండను. అది తెలిసే ఆమె కళ్ళు మూసుకుంది. తల వెనక్కి గుంజింది. నేను బిగిశాను. మేజర్ ఒళ్లంతా ఒక్కసారి అదిరింది. ముల్లు ఊడింది.

నేను నేల మీద పడ్డాను.

అక్కడినుంచి చూశాను. మేజర్ నోరు తెరిచాడు. పళ్ళన్నీ కనపడ్డాయి. ఆమె కదల్లేదు. వాడి నాలుక బయటికి జారింది, జానెడు. వగర్చాడు. వగరుస్తూనే ఆమె ఒళ్ళోకి కూలబడ్డాడు.

"నీళ్లు! పొట్టమీద పొయ్యండి, తొడల సందున!" అని అరిచింది హైమావతి. నాగరత్నమ్మ వంగకుండానే చెంబులు చెంబులుగా కుమ్మరించింది. సగం కుక్క మీద, సగం కోడలి మీద పడ్డాయి.

"పడితే పడనియ్, నీకూ కావాలి," అంది ఆవిడ.

ఒంటిగంటన్నరకు మగవాళ్లు తిరిగొచ్చారు. పగ్గుకు నయమైంది. రాఘవులు మేజర్ చిగుళ్లు చూశాడు, ధర్మామీటరు పెట్టాడు. "ఇంకో పావుగంట అయితే దక్కేవాడు కాదు," అన్నాడు. తర్వాత పలక చూశాడు.

"ఈ టిక్కు ఎవరు పెట్టారు?"

"నేనే మామయ్యా. తియ్యకుండా పెట్టాను. భయమేసింది. ఏడాదినుంచీ వేస్తోంది."

ఫణి ఏదో అనబోయాడు. రాఘవులు చెయ్యెత్తి ఆపాడు. "ఆ చెయ్యి ఇటివ్వమ్మా," అని కోడలి ఎడమ చేతిని తీసుకుని, రెండు వేళ్లనూ మెల్లగా మడిచి చూశాడు. "ఏడాది! పశువుకైతే మొదటిరోజే అడిగేవాణ్ణి," అన్నాడు. పలక తుడిచేశాడు.

పదో రోజున కాటంరాజు వచ్చాడు. కారు దిగకుండానే అడిగాడు: "చిక్కం ఏదమ్మా?"

హైమావతి మేజర్‌ని గొలుసుతో పట్టుకుని నిలబడి ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. టిక్కు సంగతి కూడా దాచలేదు. "తప్పు నాదేనండీ. మీరేమన్నా పడతాను. చిక్కం మాత్రం ఇవ్వను. అల్లిన బుట్ట చిక్కం తెప్పించాను, అందులో నోరు తెరుచుకుంటుంది. కావాలంటే అది కట్టండి."

కాటంరాజు కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన కారు అద్దం సగం ఎక్కించాడు. ఆ సందులోంచి అన్నాడు: "అది కట్టాలన్నా దగ్గరికి రావాలి కదమ్మా. నేను వాణ్ణి ముట్టుకుని ఏడాది దాటింది."

"నాకూ భయమేనండీ," అంది హైమావతి. "దిగండి. ఇద్దరం కడదాం."

ఆయన దిగడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. నేను మేకు మీదనుంచి అంతా చూశాను.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. కూలరు ఆగినప్పుడల్లా ఇప్పటికీ నాకు భయమే, వగర్పులు లెక్కపెడతాను. వరండాలో హైమావతి కూడా లెక్కపెడుతుంది. ఆమెకు భయం పోలేదు. ఇప్పుడు దాన్ని చెబుతుంది, గదిలోకి వెళ్తుంది, ఆ తర్వాతే టిక్కు పెడుతుంది. ఎవరైనా నాలాంటి చిక్కంతో కుక్కను తెస్తే నన్ను దించి, చూడమని వాళ్ల చేతికిస్తుంది. మొన్నొకాయన నా పట్టీ కొసను వెలుతురుకు పెట్టి చూశాడు.

"అబ్బో, గట్టిగానే కరిచిందే! ఏ కుక్కండీ?"

"కుక్క కాదండీ," అంది హైమావతి. "నేను."